కానరాని అతుకు

లోకమునందు కొన్ని పనులు కలవు. వానిని చక్కగా జేసినను చెడుగా జేసినను ఆనాటికి ఫలమొక్కటిగానే కన్పట్టును. వంట చెడినచో విస్తరివద్దనే తెలియును. కుట్టు చెడినచో తొడిగికొన్న పూటనే తెలియును. గోడ వంకరగా లేచినచో దారినిబోవు పిల్లవాడైనను చూచి నవ్వును. కాని పునాదిలో ఎంత సున్నము పడినది, మందులో ఎంత సారమున్నది, రాత్రి ప్రొద్దుపోయిన తరువాత దిద్దిన పరీక్షాపత్రములో ఎంత శ్రద్ధ యున్నది, ఇవి యానాడు తేలవు. ఏనాటికో తేలును, ఒక్కొక్కప్పుడు ఎన్నటికిని తేలవు. ఇట్టి పనులు చేయువానిని కట్టియుంచునది ఏది? ఈ ప్రశ్నను పెద్ద గ్రంథములనుండి గాక మిక్కిలి చిన్న వస్తువునుండి ఎత్తికొనదలచితిని. అది ఒక తీగ యతుకు. పాతకాలపు ప్రొజెక్షను టెలివిజను పెట్టెలోపలి తీగ యతుకు.

ఇంతకంటె ఘనమైన విషయము దొరకలేదా యని చదువరులు నవ్వవచ్చును. ధర్మసూక్ష్మములన్నియు రాజసభలలోను, యుద్ధభూములలోను పుట్టునని మనకొక యలవాటు పడినది. కాని సామాన్యులమైన మనకు యుద్ధభూమి ప్రాప్తించుట అరుదు. మన యింటి ఫ్యాను బాగుచేయువాడు, మన మిక్సీ త్రాడు అతుకువాడు, మన పైకప్పుమీద తీగ లాగువాడు, వీరి చేతులలో మన ప్రాణములు దినదినమును ఉండుచున్నవి. అందుచేత వారి ధర్మమేమో, వారియెడ మన ధర్మమేమో విచారించుట వ్యర్థము కానేరదు.

ఆ పెట్టె యెట్టిదో ముందు చెప్పవలెను. నేటి పలుచని పలకలవంటి టెలివిజనులు రాకపూర్వము, పెద్ద బొమ్మ కావలెననువారికి ఇదియొక గతిగా నుండెడిది. బీరువావంటి పెట్టె, ముందు పెద్ద తెర, లోపల మూడు చిన్న గాజుగొట్టములు. ఒక గొట్టము ఎఱ్ఱని బొమ్మను, ఒకటి పచ్చని బొమ్మను, ఒకటి నీలపు బొమ్మను వెలిగించును. కటకములు ఆ మూడింటిని పెద్దవి చేయగా, అద్దము వానిని త్రిప్పి తెరపై నొకదానిమీద నొకటి పడవేయును. అరచేతిలో నిముడునంతటి బొమ్మనుండి అంతటి తెర వెలుగవలెనన్నచో గొట్టము మిక్కిలి తీక్ష్ణముగా వెలుగవలెను గదా! అందులకై దానికి సుమారు 30,000 వోల్టులు కావలెను. మన గోడలోని ప్లగ్గునందుండునవి 230 వోల్టులు మాత్రమే. వానినుండి ఈ వేలను పుట్టించునది ఫ్లైబ్యాకు ట్రాన్సుఫార్మరను సాధనము. మన దేశపు 625 గీతల పద్ధతిలో సెకనునకు 15,625 గీతలు తెరపై గీయబడును. ఒక్కొక్క గీత ముగిసి కిరణము వెనుకకు మరలు స్వల్పకాలమున ఆ ట్రాన్సుఫార్మరు వోల్టేజిని ఒక్క పెట్టున పైకెత్తును. ఆ యెత్తిన దానిని ఒక తీగ మోసికొనిపోయి మూడు గొట్టములకు పంచిపెట్టును. చూపునకు అది సాధారణమైన తీగయే. లోని రాగిపోగులు సన్నవి. పైని సిలికోను తొడుగు మాత్రము దళసరి. దానిలోని సంగతి యంతయు ఆ తొడుగులోనే యున్నది.

కాలక్రమమున ఆ తొడుగు చెడును. వేడికి గట్టిపడి పగులును, ఎలుక కొఱుకును, బాగుచేయుటకై ఎవరో లాగినపుడు తెగును. ఈ గొట్టముల టెలివిజనుల తయారీ ఈ శతాబ్దపు తొలి దశకము ముగియుసరికే ఇంచుమించు నిలిచిపోయినది. కావున కొత్త తీగ, కొత్త ట్రాన్సుఫార్మరు దొరకుట కష్టము. అప్పుడు బాగుచేయువాని యెదుట నిలుచు ప్రశ్న: అతుకవచ్చునా, కూడదా?

ఒక సందర్భమును ఊహించుకొందము. అరకులోయలో, రైలు స్టేషనుకు కొంతదూరమున నొక చిన్న బస. యాత్రికులు శీతకాలమున బొఱ్ఱాగుహలు చూచుటకును, లోయలోని మంచు చూచుటకును వచ్చి యొక రాత్రి యుండిపోవుదురు. ముందరి గదిలో ఇట్టి పాత పెట్టె యొకటి కలదు. పట్టణములో నెవరో వదలించుకొన్నదానిని బసయజమాని చౌకగా కొని ఘాటురోడ్డు నెక్కించెను. సాయంకాలము యాత్రికుల పిల్లలును, వంటమనిషి పిల్లలును దానియెదుట చేరుదురు. ఒకనాడు బొమ్మ యారిపోయినది. సంతవీధిలో రేడియోలు, సెల్‌ఫోనులు బాగుచేయు పనివాడు వచ్చి మూత విప్పి చూచెను. తీగ తెగియున్నది. యజమాని, “ఎలాగోలాగ కానిచ్చీ తమ్ముడూ, శనివారానికి గదులన్నీ నిండిపోతాయి” అని పలికి వెడలెను. పనివాడు ఏమి చేయవలెను?

ఇచటనే యీ పనియొక్క వింత గోచరించును. సామాన్యపు తీగను అతుకుటలో కష్టము విద్యుత్తును అవతలికి దాటించుట. అధిక వోల్టేజి తీగను అతుకుటలో దాటించుట కష్టమే కాదు. రెండు కొనలు సరిగా తాకకున్నను విద్యుత్తు నడిమి సందును దుమికి దాటిపోవును. బొమ్మ వచ్చును. కష్టమంతయు దానిని ప్రక్కకు పోనీయకుండుటలో నున్నది. తెర వెలిగినదన్నమాట అతుకు మంచిదన్నదానికి సాక్ష్యము కానేకాదు. నైయాయికులు అన్నమంతయు ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచు స్థాలీపులాకన్యాయమును చెప్పుదురు. ఇచట ఆ న్యాయము చెల్లదు. చేతికి దొరకిన మెతుకు ఉడికియే యుండును. కుండ యడుగు మాడుచుండును.

చెడ్డ యతుకు ఎట్లుండునో చెప్పెదను. రెండు కొనలను మెలిపెట్టి, బజారులో దొరకు నల్లని టేపును నాలుగు చుట్లు చుట్టి, పెట్టె యినుప చట్రముమీద పడవేయుట. మెలియందలి సన్నని పోగుల మొనలు పైకి లేచియుండును. విద్యుత్తునకు మొనలన్న ప్రీతి. నునుపైన గుండ్రని లోహములనడుమ 30,000 వోల్టులు గాలిలో సుమారొక సెంటీమీటరు దూకగలవు. మొనదేలిన చోటనుండి అంతకు మిక్కిలి దూరము పోగలవు. ఆ మొనచుట్టును గాలి చిట్లి నీలపు కాంతి పుట్టును. బుస్సుమను సన్నని శబ్దము వినవచ్చును. ఓజోనువాయువు పుట్టును, ఆ చిట్లుటయే తొడుగును తినివేయనారంభించును. టేపు చుట్లనడుమ చిక్కిన గాలిబుడగలలో ఈ పని రాత్రింబగళ్లు సాగును. టేపు జిగురు కొంతకాలమునకు కారిపోవును. ఒకనాడు నిప్పురవ్వ చట్రమునకు దుముకును. ఆ పెట్టెలో ప్లాస్టికు, దుమ్ము, కఱ్ఱ కలవు. అటుపై జరుగుదానిని వర్ణింపనక్కరలేదు.

మంచి యతుకునకు ముందు కావలసినది భయము. భయమనగా పిరికితనము కాదు, ఎఱుక. ప్లగ్గు తీసినంతమాత్రమున పెట్టె చచ్చినదనుకొనరాదు. గాజుగొట్టపు లోపలిపూత, వెలుపలిపూత కలిసి విద్యుత్తును నిలువచేయు జాడీవలె ప్రవర్తించును. దానిని నేలకు కలుపు తీగతో ఖాళీచేయవలెను. కొంతసేపటికి గాజులో నింకిన విద్యుత్తు మరల పైకి తేలును గనుక మరియొకసారి ఖాళీచేయవలెను. తరువాత, అంతే వోల్టులకు తగిన తీగముక్క దొరకునా యని వెదకవలెను. పాడైన మరియొక పెట్టెలోనిదైనను సరే. కొనలను వరుసగా నొత్తి సోల్డరు పోసి, ఒక్క పోగైనను పైకి లేవకుండ, చింతగింజవలె నునుపుగా గుండ్రించవలెను. దానిపై సిలికోను గొట్టమును అటు నిటు చాలదూరము వచ్చునట్లు తొడిగి, లోపల గాలి చిక్కకుండ సిలికోనుతో నింపి, దానిపై మరియొక తొడుగు తొడిగి, అది ఆఱువఱకు ఆగవలెను. లోహమున కెచటను తగులకుండ గాలిలో వ్రేలాడునట్లు కట్టవలెను. చివరకు గది తలుపులు మూసి, దీపములార్పి, పెట్టెను నడిపి, దూరమున నిలిచి అరగంటసేపు చూడవలెను. నీలపు వెలుగు కన్పట్టినచో సోల్డరునుండి మరల మొదలు.

కొండమీద ఈ జాగ్రత్త ఇంకను హెచ్చుగా నుండవలెను. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. అచట గాలి పీడనము తీరముననున్నదానికంటె ఇంచుమించు పదవవంతు తక్కువ. పలుచనైన గాలిని విద్యుత్తు మరింత సులువుగా చీల్చుకొనిపోవును. దానికితోడు వానకాలపు మంచు, తేమ. విశాఖపట్టణములో గట్టెక్కిన అతుకు అనంతగిరి దాటి పైకి వచ్చినచో గట్టెక్కకపోవచ్చును.

ఈ పనివారిలోనే రెండు మతములున్నవి. అధిక వోల్టేజి తీగను ఎన్నడును అతుకరాదు, మార్చియే తీరవలెనని కొందఱు. శ్రద్ధగా చేసిన యతుకు చాలునని కొందఱు. మార్చుటకు వస్తువు దొరకునప్పుడు మొదటివారి మాటయే మాటయని నా యభిప్రాయము. దొరకనప్పుడే వివాదము.

అరకునకు పోవు రైలుమార్గమును మీరు చూచియుందురు. కొత్తవలసనుండి కిరండూలువఱకు, బైలదిల్లా ఇనుపఖనిజమును ఓడరేవునకు దింపుటకై 1960వ దశకమున కొండలు తొలిచి వేసిన మార్గమది. తరువాత దానిపై విద్యుత్తీగ వెలసినది. ఆ తీగలోనున్నవి 25,000 వోల్టులు. ఆ తీగ మనిషి చేతికందని యెత్తున, గట్టి ఇన్సులేటరులపై వ్రేలాడుచుండును. ప్రాణాపాయమని వ్రాసిన పలకలు ప్రక్కన నుండును. దానిని ముట్టవలెనన్నచో అనుమతిపత్రము కావలెను, విద్యుత్తు నిలిపినట్లు ధ్రువపఱుపవలెను, నేలకు కలుపవలెను, పైన తనిఖీదారు కలడు. బస ముందరిగదిలోని పెట్టెలో వోల్టులు దానికంటె ఎక్కువ. నిజమే, రైలుతీగ వెనుకనున్న శక్తి రైలుబండ్లను ఘాటునెక్కించునది. పెట్టెలోని శక్తి దానియెదుట చీమ. కాని పిల్లవానిని విసరివేయుటకును, గదిని తగులబెట్టుటకును చీమంత శక్తి చాలును. అచట ఏ పలకయు లేదు, తనిఖీదారు లేడు. అక్కడ ఒక వ్యవస్థయంతయు చేయు పనిని ఇక్కడ ఒక్క మనుష్యుని మనస్సు చేయవలసియున్నది.

ప్లేటో తన రిపబ్లికు ద్వితీయభాగమున గైజీసు ఉంగరపు కథ చెప్పించినాడు. ఒక గొల్లవానికి, తొడిగి దాని పొదుగును అరచేతివైపునకు త్రిప్పినంతనే అదృశ్యుని జేయు ఉంగరము దొరకును. కనబడనివాడు ధర్మముగా నుండునా యని ప్రశ్న. ఆ కథ చదివినపుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును. అదృశ్యుడగుటకు ఉంగరమెందులకు? ఎదుటివానికి తెలియని విద్య యొకటి నేర్చినచో చాలదా? వైద్యుడు, వకీలు, పురోహితుడు, ఉపాధ్యాయుడు, మెకానిక్కు, వీరందఱును ఎంతో కొంత ఆ యుంగరము తొడిగినవారే. మూత బిగించిన పెట్టెలోని యతుకు యజమానికి కనబడదు. విప్పి చూపినను తెలియదు. ప్లేటో ప్రశ్నకు రాజ్యాంగనిర్మాణముతో సమాధానము చెప్పబూనినాడు. మన పనివానికి శనివారములోగా సమాధానము కావలెను.

మన ప్రాచీనులు ఈ సంగతి నెఱుగనివారు కారు. మనుస్మృతి అష్టమాధ్యాయమున, ఒకదానితో నొకటి కలిపిన వస్తువును, సారములేనిదానిని, తక్కువైనదానిని, మఱుగుపఱచినదానిని అమ్మరాదని విధించినది. మనువు చెప్పినవానిలో మనము విడువవలసినవి పెక్కు కలవు. ఇది యందు చేరదు. అంతకంటె మన ప్రశ్నకు దగ్గఱైనది కౌటిల్యుని అర్థశాస్త్రము. కంటకశోధనమను నాలుగవ యధికరణమును ఆతడు చేతిపనివారితోనే ఆరంభించినాడు: సాలెవారు, చాకలివారు, కంసాలులు. చాకలి బట్టలను చెక్కపలకమీదనో నున్నని ఱాతిమీదనో ఉతుకవలెనని కూడ వ్రాసినాడు, ఎంత సూక్ష్మదృష్టి! ఆ యధ్యాయముననే వైద్యుని ప్రస్తావన వచ్చును. ప్రాణాపాయముగల చికిత్సను, అపాయము తెలుపకయే ఆరంభించిన వైద్యునికి, రోగి మరణించినచో దండన. ఇందు గమనింపవలసిన దేమన, అపాయముగల చికిత్స చేయరాదని ఆతడనలేదు. చెప్పక చేయరాదన్నాడు. చికిత్సలో పొరపాటునకు దండనము వేఱుగా నున్నది. చెప్పకుండుట తనంతట తానొక దోషము.

దీనిని పట్టుకొని మన పనివానికడకు రండు. అతనికి మూడు దారులున్నవి. “నావల్ల కాదు” అని లేచిపోవచ్చును. నోరుమెదపక అతికి, డబ్బు పుచ్చుకొని పోవచ్చును. చెప్పి చేయవచ్చును.

లేచిపోవుట శుచియైన మార్గముగా తోచును. దూరముననుండి నీతి చెప్పువారికి, అనగా నావంటి వారికి, అది మిక్కిలి ప్రియమైనది. కాని విచారింపుడు. అతడు లేచిపోయినంతమాత్రమున పెట్టె అదృశ్యము కాదు. మరునాడు మరియొకడు వచ్చి నల్లటేపు చుట్టును. అట్లని, “నేను చేయకున్న మరియొకడు చేయును” అను వాదమును నేను సమర్థించుటలేదు. లంచగొండియు, సారాయి కాంట్రాక్టరును అదే వాదమును చెప్పుదురు. భేదమెక్కడనన్న, వారు చేయునది మరియొకడు చేయుదానికంటె మంచిది కాదు. అదే కీడు, చేయి మాత్రమే వేఱు. మన పనివాడు నిజముగా మంచి యతుకు వేయగలిగినచో అతనిది వేఱొక పని. అది చేతకాక, లేక దానికి కావలసిన వస్తువు లేక, టేపుతోనే సరిపెట్టువాడైనచో, అప్పుడు లేచిపోవుటయే అతని కర్తవ్యము. కనుక లేచిపోవుట ధర్మమా యనునది పెట్టెనుబట్టి తేలదు. వాని చేతినిబట్టి తేలును. తన చేయి యెంతవఱకు వచ్చునో తెలియుట, తెలిసి యొప్పుకొనుట పనివారికే కాదు, పండితులకు సైతము కష్టమైనదే.

ఇక నోరుమెదపక చేయుట. దీనికి సాధారణముగా వినబడు సమర్థన యొకటి కలదు. అదియే నన్నీ వ్యాసమునకు పురికొల్పినది. “చెప్పినా వీళ్లకేం తెలుస్తుంది బాబూ, కొండమీద ఈ మాత్రం చాలదా?” అని. ఈ “చాలదా” యనుమాట పట్టణపు పనివాని నోట మాత్రమే రాదు. మన కార్యాలయములలో వచ్చును. మన యిండ్లలో వచ్చును. పనిమనిషికి పాత ఇస్త్రీపెట్టెను తీగ పైకి తేలినదానినే దయతో ఇచ్చునపుడు మన నోట వచ్చును. మనము చిరిగిన చీర ఇచ్చినచో పుచ్చుకొన్నామెకు చిరుగు కన్పట్టును, ఆమె కుట్టుకొనును. తొడుగు చిట్లిన తీగ నిచ్చినచో ఆమెకు కన్పట్టదు. దానము చేసితిమని మనము సంతోషింతుము.

కొండలకును విద్యుత్తునకును గల సంబంధమును తలచుకొన్నచో ఈ “చాలదా” మరింత చేదుగా నుండును. మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రముల యుమ్మడిగా 1955లో పనిచేయ నారంభించినది. డుడుమా జలపాతమువద్ద కొండనుండి దుముకు నీటితో నడచు ఆ కేంద్రము సామర్థ్యము సుమారు 115 మెగావాట్లు. దానికి నీరందించు జలాపుట్ జలాశయము క్రింద కొండపల్లెలు మునిగినవి. అదే నది దిగువన సీలేరను పేర ప్రవహించుచు, ఎగువ సీలేరులో 240, దిగువ సీలేరులో 460 మెగావాట్లు పుట్టించునట్లు తరువాతి దశకములలో కట్టబడినది. ఆ విద్యుత్తు గోపురములవంటి స్తంభములపై కొండల నెక్కి దిగి మైదానపు పట్టణములకు పోయినది. తీగలు తల మీదుగా పోవుచుండ, క్రింద పల్లెలలో కిరసనాయిలు బుడ్డి చాలకాలము వెలిగినది. తుదకు దీపము వచ్చినప్పుడైనను దానివెంట వచ్చిన వస్తువులు చాలవఱకు పట్టణము వాడి విడిచినవి. వస్తువు చేయి మారినకొలది చౌకయగును. చౌకయైనకొలది దానిని గుఱించి తెలిసినవారు దూరమగుదురు. అపాయము మాత్రము వస్తువుతో కూడ ఘాటు నెక్కును. ఇది యెవరో యొకరి కుట్ర కాదు. కుట్రయైనచో పట్టుకొనుట సులభము.

కొండవారు తెలియనివారనుట కూడ అబద్ధము. ఏ చెట్టు గింజ ఎన్ని నీళ్లలో నానినపిదప తినదగునో, ఏ వాగు ఏ నెలలో దాటరాదో మన పట్టభద్రులకంటె వారికి చక్కగా తెలియును. కోటియాయో, పోర్జాయో, కొండదొరయో, తల్లి తన పిల్లకు ఈ తెలివిడిని మాటలలోనే అందించుచున్నది. తీగను గుఱించి అట్టి మాట వారికెవరు చెప్పినారు? చెప్పకుండ “తెలియదు” అనుట దొంగ బొక్కసము దోచి యజమానిని బీదవాడనుటవంటిది.

కావున చెప్పి చేయుటయే మిగిలినది. కాని చెప్పుటయనగా నేమి? “ప్రమాదముంది, నా బాధ్యత లేదు” అని గొణుగుట చెప్పుట కాదు. అది చేతులు కడుగుకొనుట. చెప్పుటయనగా, వినువాడు ఏమైనను చేయగలిగినట్లు చెప్పుట. ఈ తీగ తెగినది; కొత్తది దొరకలేదు; ఇదిగో ఇచట అతికితిని; బుస్సుమని చప్పుడైనను, ఘాటైన వాసన వచ్చినను, గదిలో దీపమార్పినపుడు లోపల నీలిరంగు కన్పించినను వెంటనే ప్లగ్గు తీయుము, మూత మాత్రము తీయకుము; వానకాలమున తేమపట్టిన దినములలో నడుపకుము. ఇది తెలుగు రాని వంటమనిషికి ఆమె భాషలో చెప్పవలెను. పెట్టెను దినము తుడుచునది యజమాని కాదు, ఆమె.

ఇంకొకని మఱచుచున్నాము. కొన్నియేండ్లకు ఆ పెట్టె మూతను మరల తీయువాడు. అతడెవడో మన పనివానికి తెలియదు. అతని మొగమును చూడబోడు. తెగని తీగయనుకొని అతడు చేయిపెట్టును. అతనికొఱకు మూత లోపలివైపున నొక కాగితము అంటించి, ఏనాడు ఎచట అతికినదియు వ్రాయవలెను. ఈ చిన్న కాగితమున కెవరును డబ్బియ్యరు, ఎవరును మెచ్చరు. ఎఱుగని పనివానికి ఎఱుగని పనివాడు వ్రాయు నుత్తరమది. ధర్మమునకు సాక్షి యెవరని మనవారు సూర్యచంద్రులను, అంతరాత్మను చెప్పినారు. ఇచట సాక్షి ఇంకను పుట్టని యొక సాయంకాలము.

అన్నియు చెప్పినపిదప యజమాని, “ఫరవాలేదు, నడిచినన్నాళ్లు నడుస్తుంది” అన్నచో? తన యింటిలో, తానొక్కడే చూచు పెట్టెయైనచో అది అతని యిష్టమనుటకు నాకు అభ్యంతరము లేదు. పెద్దలు తమ యపాయమును తాము వరించుకొనుటకు స్వతంత్రులు. కాని యీ పెట్టె బసలోనిది. దానియెదుట కూర్చుండునవి పరుల పిల్లలు. ప్రక్కగదిలో నిద్రించునది పరుల కుటుంబము. ఎఱుగనివారి తరఫున అంగీకరించు హక్కు యజమానికి లేదు. అతనికి లేనిదానిని పనివానికి ఈయలేడు. అందుచేత బసలోని పెట్టె విషయమున నేను కఠినముగానే చెప్పుదును: చీకటిగదిలో పరీక్షకు నిలిచిన యతుకైనచో సరి, నిలువనిచో యజమాని యెంత బ్రతిమాలినను ప్లగ్గు కత్తిరించి చేతికీయవలెను. శనివారము యాత్రికులు లోయను చూచుకొందురు. దానికే గదా వారు వచ్చినది!

ఇంతవఱకు పనివానికి ధర్మమును బోధించితిని; అది సులువు. మన వంతు మిగిలియున్నది. సంస్కారమునుగూర్చి యింత మాటలాడు మనము చేతిపనివానిని ఇంటికి పిలిచినపుడు ఎట్లు పిలుతుము? వయసున మనతండ్రి యంతవానిని “నువ్వు” అందుము. నీళ్లడిగినచో గ్లాసును వెదకుదుము, వేఱు గ్లాసును. అతడు మూత విప్పినది మొదలు గడియారము చూతుము. “అయిదు నిమిషముల పనికి అంత డబ్బా?” అందుము. అయిదు నిమిషములలో ముగించినవానికి, అరగంట నిలిచి పరీక్షించినవానికి ఒకే కూలి యిత్తుము. నిజమునకు మొదటివానినే నేర్పరియని మెచ్చి మరుసటిసారి వానినే పిలుతుము. ఈ విధముగా బేరమాడి మనము కొనుచున్నది పనిని కాదు, పనిలోని మౌనమును. నల్లటేపు చుట్టినవాడు దోషియే. కాని నల్లటేపు వెలకు మించి ఈయనొల్లని చేతిని ఏమనవలెను?

చేతిపనివానికి నీతి యేల, నిపుణత చాలునని మన చదువులు మనకు నేర్పినవి. నీతి మనకును, నేర్పు వారికిని పంచిపెట్టితిమి. ఆ పంపకములోనే అతుకు ఊడినది. సోల్డరును గుండ్రించు చేయి కేవలము నేర్పుతో గుండ్రింపదు; మొనను మిగిల్చినచో ఎవరికి తగులునో తలచుకొన్న మనస్సు గుండ్రించును. నేర్పు ఎట్లు చేయవలెనో చెప్పును. చూచువాడు లేనపుడు అట్లే చేయవలెనని చెప్పునది వేఱొకటి. దానికి మనము గౌరవము నీయలేదు, వెల నీయలేదు, పేరు సైతము పెట్టలేదు.

బసలో యజమాని పనివానికి చీటి వ్రాసిచ్చుచున్నాడనుకొందము. తీగముక్క ఇంత, సోల్డరు ఇంత, సిలికోను ఇంత, రానుపోను ఆటోకూలి ఇంత. తలుపులు మూసి, దీపమార్పి, చీకటిలో నిలిచి చూచిన ఆ యరగంటకు ఎంత వ్రాయవలెను? చీటిలో దానికి వరుస లేదు.